పొలంలో 15 అడుగులు, రోడ్డు మీద 20!

వరికోత మిషనొచ్చి మన చేతుల్లో కొడవలి లాగేసింది. కోత కూలి పోయింది, నూర్పిడి కూలి పోయింది. మనకి మిగిలినవి రెండు పన్లు. ఒకటి, గడ్డి ట్రక్కు మీదికెక్కి మోపులు సర్దడం. రెండోది, మిషను చేలోకి దిగేటప్పుడు అడ్డంగా వేలాడే కరెంటు తీగని వెదురుగడతో ఎత్తి పట్టుకోవడం.

ఈ రెండో పనికి కూలిరేటు లేదు, పేరూ లేదు. "ఒరే, ఆ గడతో కాస్త పైకెత్తరా" అంటాడు ఆసామి, చెప్పులేసుకుని గట్టు మీద నిలబడి. మనవాడు తడిచేలో ఉత్తకాళ్ళతో నిలబడి ఎత్తుతాడు. వెదురు కరెంటుని ఆపుతుందని ఆసామి శాస్త్రం. మంచుకి తడిసిన వెదురు ఏమాపుతుంది? పదకొండు వేల వోల్టుల ముందు ఎండుగడని కూడా నమ్మడానికి లేదు. ఆ తీగ తగలక్కర్లేదు, బాగా దగ్గరికెళితే చాలు, కరెంటు దూకుతుంది. ఆసామి కొడుకు ఆ గడ పట్టుకోగా మీరెవరైనా చూశారా? మేం చూళ్ళేదు.

ప్రమాదం జరిగితే "కూలీ అజాగ్రత్త" అని రాసేస్తారు. అజాగ్రత్త యెవరిదో రూల్సు పుస్తకంలో చూద్దాం. 1956 విద్యుత్ రూల్సు 77వ రూలు ప్రకారం, రోడ్డు దాటే 11 కె.వి. తీగ నేలకి 6.1 మీటర్ల ఎత్తున, అంటే 20 అడుగుల ఎత్తున వుండాలి. అదే తీగ పొలంలోకి దిగితే 4.6 మీటర్లు చాలు. 15 అడుగులు! 2010లో కొత్త నిబంధనలు రాసినప్పుడు కూడా ఆ 15 కదల్లేదు. రోడ్డు మీద లారీ పోతుంది కాబట్టి ఎత్తు కావాలి. పొలంలో యేముంటుంది, వంగి నాట్లేసే ఆడమనిషేగా, ఆమె నడుముకి 15 అడుగులు ఎక్కువే! 1956 నాటి పొలాన్ని చూసి రాసిన లెక్క ఇది.

ఇప్పటి లెక్క మనం వేద్దాం. ట్రక్కు అడుగుభాగం నేలకి మూడున్నర అడుగులు. దానిమీద ఎనిమిది అడుగుల గడ్డి. ఆ గడ్డి మీద అయిదున్నర అడుగుల మనిషి. మొత్తం పదిహేడు. తీగ రూలు ప్రకారం సక్రమంగా వున్నా మనవాడి తల దానికి రెండడుగులు పైనే వుంటుంది. ఇక స్తంభం వొరిగి, తీగ జారి వుంటే చెప్పేదేముంది. పైగా వేడికి తీగ సాగుతుంది, ఎండలోనూ, లోడు మీదా ఇంకా కిందికి దిగుతుంది. దాళ్వా కోతలూ, యాసంగి కోతలూ సరిగ్గా ఆ ఎండల్లోనే.

2022 జూన్ 30న తాడిమర్రి దగ్గర కూలీలతో పోతున్న ఆటో మీద తీగ తెగిపడి అయిదుగురు ఆడకూలీలు కాలిపోయారు. ఉడుత వల్ల జరిగిందన్నారు అధికారులు! అదే యేడు నవంబరులో బొమ్మనహాళ్ మండలం దర్గాహొన్నూరులో ట్రాక్టరు మీద తీగ తెగిపడి నలుగురు ఆడకూలీలు చనిపోయారు. చచ్చేది కూలీ, నేరం ఉడుతది. తీగకి మాత్రం యజమాని వుండడు.

కానీ వున్నాడు. రోడ్డు మీద పడివున్న తీగ తగిలి సైకిలు మీద పోయే మనిషి చనిపోయిన మధ్యప్రదేశ్ కేసులో 2002లో సుప్రీంకోర్టు ఆ సంగతి తేల్చింది. బోర్డు నిర్లక్ష్యం రుజువు కానక్కర్లేదు, అంత ప్రమాదకరమైన సరుకు నడిపేవాడే నష్టం కట్టాలంది. నష్టపరిహారం అడగటానికి పోయినవాళ్ళకి ఏ ఆఫీసులోనూ ఈ మాట చెప్పరు.

కరెంటు వద్దని మనమనటం లేదు. 1943లో వైస్రాయి కౌన్సిల్లో లేబర్ మెంబరుగా వుండి, విద్యుత్ విధాన కమిటీకి అధ్యక్షత వహించి, చౌకగా, సమృద్ధిగా కరెంటు కావాలని వాదించింది బాబాసాహెబే. మనం అడిగేది, పొలంలో తీగకి కూడా రోడ్డు మీది ఎత్తే వుండాలని. మిషన్లు తిరిగే చేలల్లో నడిమి స్తంభం డిపార్టుమెంటు ఖర్చుతో వెయ్యాలి. "ఎస్టిమేటు కట్టండి" అని ఆసామిని అడిగితే ఆయన కట్టడు, మన చేతికి గడ ఇస్తాడు.

ఈలోగా గూడేల్లో సంఘాలు పనిలోకి దిగాలి. కోతలకి ముందే చేలు తిరిగి, వేలాడే తీగల దగ్గర స్తంభాల నెంబర్లు రాసుకోండి. అర్జీ రెండు కాపీలు రాసి, ఒకటి ఆఫీసులో ఇచ్చి, రెండోదాని మీద స్టాంపు వేయించుకోండి. లైన్‌మన్‌తో లైను ఆపించకుండా మిషను తీగ కిందికి పోనివ్వొద్దు, ట్రక్కు మీద మనిషిని వుంచి తీగ దాటించొద్దు. మిషనుకి తీగ తగిలితే కిందివాళ్ళు దగ్గరికి పోకూడదు. పైనున్నవాడు కదలకుండా వుండాలి. మంటలంటుకుంటే మాత్రం మిషనునీ నేలనీ ఒకేసారి తాకకుండా రెండుకాళ్ళూ కలిపి దూకాలి. గడ పట్టుకోమన్న ఆసామికి, ముందు మీరు పట్టుకుని చూపించండయ్యా అని చెప్పండి.