చిన్న చెయ్యంటే చిన్న పని కాదు

“ఆడవాళ్ళకు ఇది చాలమ్మా” అంటూ నెల్లూరు కొట్లో ఒకాయన గులాబి రంగు ప్లాస్టిక్ చాకు నా ముందు పడేశాడు. నేనడిగింది మడత కత్తి. మైపాడు ఒడ్డున చిక్కుపడ్డ వలతాడు కోయడానికి, సంచిలో వేసుకు తిరగడానికి. ఆయనొక్కడి మాటైతే వదిలేద్దును. చేసేవాళ్ళూ, అమ్మేవాళ్ళూ, ఇంట్లోకి కొని తెచ్చే మగవాళ్ళూ అందరిదీ ఇదే నమ్మకం. చెయ్యి చిన్నదైతే పనీ చిన్నదేనట. శుద్ధ తప్పు.

పల్లెపాళేల్లో చేపలు కోసే ఆడమనిషి చేతులు చూశారా? తడి, జిగురు, పొలుసు. ఆ చేతిలో లావు పిడి నిలవదు. వేళ్ళు పిడిని చుట్టి రాకపోతే పట్టు సడలుతుంది. పట్టు సడలితే ఇంకా బలంగా నొక్కుతాం, కత్తి జారేది అప్పుడే. మన కత్తిపీటకు ఈ బాధ లేదు. పీటను కాలు తొక్కిపెడుతుంది, రెండు చేతులూ చేపను పట్టుకుంటాయి, అరచేయి ఎంతుంటే దానికేం? ఎవరు కూర్చుని కోస్తారో ఎరిగి చేసిన పనిముట్టు అది. మడత కత్తి దగ్గరికొచ్చేసరికి ఆ ఎరుక ఏమైపోయింది?

గులాబి చాకు మీద నా కోపం రంగు గురించి కాదు. పిడిని తగ్గించమంటే బ్లేడును కూడా రేకులా పల్చన చేస్తారు, లాక్ ఎత్తేస్తారు. లాక్ లేని మడత కత్తిని మొన మీద నొక్కితే వేళ్ళ మీదికే మూసుకుంటుంది. పైగా గోటితో లాగి తెరవాలట! రొయ్యలు ఒలిచి ఒలిచి గోళ్ళరిగిన చేతికి ఆ బిగుతు స్ప్రింగు లొంగుతుందా? చెప్పుల కొట్లో పాదం కొలత అడుగుతారే, చేతిని అడగరేం? ఫ్రాన్సులో జోసెఫ్ ఒపినెల్ తన మడత కత్తిని 1897లోనే 1 నుంచి 12 దాకా నెంబర్లు వేసి అమ్మాడు. ఇప్పటికీ ఆ కంపెనీ 6వ నెంబరు బ్లేడు 7 సెంటీమీటర్లు, 8వది 8.5. రెంటికీ లాకింగ్ రింగు ఉంటుంది. చిన్నదని దేన్నీ బొమ్మగా మార్చలేదు.

చీరకు జేబు లేదుగా, ఎక్కడ పెట్టుకుంటారని ఇంకో ప్రశ్న. రొంటిన డబ్బు సంచి దోపుకుని ఊరూరూ చేపలమ్మే మనిషి కత్తిని దోపుకోలేదా? పోలీసులు పట్టుకుంటారని కూడా భయపెడతారు. ఆయుధాల నిబంధనల జాబితాలో ఉన్నవి 9 అంగుళాల కన్నా పొడవో, 2 అంగుళాల కన్నా వెడల్పో ఉన్న బ్లేడ్లు. ఇంటిపనికీ సేద్యానికీ చేసినవి అందులోనూ మినహాయింపే. వేలెడంత మడత కత్తికి ఎందుకీ బెదిరింపు?

పిడి సన్నగా, బ్లేడు దళసరిగా, ఉప్పుగాలికి తుప్పు పట్టని ఉక్కుతో, బొటనవేలితో తెరుచుకునేలా, లాక్‌తో కావాలి. మిగతాది చేసేవాళ్ళకే తెలుస్తుంది. నెల్లూరు, కావలి, గూడూరు కమ్మరులారా, పిడి చెక్కేముందు చేపల మార్కెట్‌కు వెళ్ళండి. అక్కడి ఆడవాళ్ళ అరచేతులు కొలిచి, వాళ్ళనే అడిగి చేయండి.