బావి ఈత వేరు, సముద్రపు లోతు వేరు

మన పరకాల ప్రాంతపు పిల్లలకు సముద్రము కొత్త గాని నీళ్ళంటే భయము లేదు. నడుముకు బెండు కట్టుకొని వ్యవసాయ బావిలో ఈత నేర్చినవారు, జారిపోయిన బిందెను మునిగి తీసుకురాగల యౌవనస్థులు ఇంకా ఊరికి కొందరున్నారు. వీరే వరంగల్‌లో గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి విశాఖపట్నం వెళ్ళి, ఋషికొండ దగ్గర వీపుకు గాలి సిలిండరు కట్టి నీటి అడుగుకు తీసుకువెళ్ళే స్కూబా డైవింగును చూసి, "ఇదేమంత పెద్ద పని?" అంటారు. ఈ నెల మేము వ్రాయదలచినది వారికోసమూ, వారిని పంపే తల్లిదండ్రులకోసమూ.

బావిలో మునిగేవాడు గట్టున పీల్చిన గాలినే బిగబట్టుకొని దిగుతాడు. లోతుకు పోయేకొద్దీ ఆ గాలి నొక్కుకుపోతుంది. పైకి వచ్చేసరికి మునుపటంతే అవుతుంది. సిలిండరు కట్టుకున్నవాడు అలా కాదు, లోతులోనే గాలి పీలుస్తాడు. 10 మీటర్లు, అనగా 33 అడుగుల లోతున ఒత్తిడి నీటిపైన ఉన్నదానికి రెండింతలు. అక్కడ నిండా పీల్చిన గాలిని బిగబట్టి పైకి వస్తే అది రెండింతలకు ఉబ్బుతుంది. ఊపిరితిత్తులు అంత పట్టలేక చీలిపోతాయి. నాలుగైదు అడుగుల నుండి వచ్చినా ఈ గాయము కావచ్చు. కనుక బావి నేర్పిన మొదటి పాఠము, ఊపిరి బిగబట్టడము, అక్కడ ప్రాణము తీసే అలవాటు. మనిషి కంగారుపడితే పాత అలవాటే పైకి వస్తుంది. అందుకే ఈత రానివానికంటే మన బావి ఈతగానికే ఈ మాట రెండుసార్లు చెప్పాలి: సిలిండరు గాలి పీల్చేటప్పుడు ఊపిరి ఆపకూడదు, పైకి నిదానముగా రావాలి.

లోతుకు హద్దులున్నాయి. ప్రపంచమంతటా శిక్షణ ఇచ్చే పాడి అనే సంస్థ లెక్క ఇది. ఏ కోర్సూ చేయనివారు శిక్షకుని వెంట 12 మీటర్లకు మించకూడదు. ఓపెన్ వాటర్ కార్డు పొందినవారికి 18 మీటర్లు, అడ్వాన్స్‌డ్ కార్డుకు 30. లోతు డైవింగులో ప్రత్యేక శిక్షణ ఉన్నా 40 మీటర్లే చివరి గీత. పదేళ్ళు నిండిన పిల్లలు కోర్సు చేయవచ్చును గాని, పన్నెండేళ్ళు వచ్చేవరకు వారి హద్దు 12 మీటర్లే. 30 మీటర్ల ప్రాంతములో గాలిలోని నైట్రోజనే త్రాగినవానికి వలె మత్తు కలిగిస్తుంది. తనకేమీ కాలేదని అనుకోవడమే ఆ మత్తు లక్షణము.

ఈ కార్డును డైవింగుకు ముందు అక్కడి నిర్వాహకులు అడుగుతారు. ప్రమాదము జరిగిన తరువాత ఇన్సూరెన్సువారు అడుగుతారు. మన ఆరోగ్య బీమా పాలసీలలో మినహాయింపుల పట్టిక చూడండి. సాహస క్రీడలలో వృత్తిగా పాల్గొని గాయపడితే వైద్య ఖర్చు ఇవ్వబోమని, స్కూబా డైవింగు పేరు పెట్టి మరీ, అచ్చువేసి ఉంటుంది. "వృత్తిగా" అన్న ఆ ఒక్క మాటలో చాలా ఉంది. సెలవులకు వెళ్ళి ఒకసారి మునిగినవానికి ఆ వాక్యము అడ్డు కాదు. అండమానులో శిక్షకునిగా ఉద్యోగము దొరికిన కుర్రవానికి అడ్డే. ప్రమాద బీమా, ప్రయాణ బీమా పాలసీల మాటలు మళ్ళీ వేరు. కార్డు ఉండాలనో, ఇంత లోతు మించరాదనో వాటిలో షరతులుండవచ్చు. ఏజెంటు నోటిమాట చాలదు, పాలసీ కాగితములో చూపించమని అడగండి.

ఇక మన ఊళ్ళలో ఎక్కువ ఇళ్ళకు ఉన్నవి రెండు. పట్టాదారు రైతులకోసము 2018 ఆగస్టు 14న మొదలైన రైతుబీమా, 18 నుండి 59 ఏళ్ళ రైతు ఏ కారణముచేత మరణించినా కుటుంబానికి 5 లక్షలు ఇచ్చే పథకము. రెండవది బ్యాంకు ఖాతా నుండి ఏటా 20 రూపాయలు కోసుకునే ప్రధానమంత్రి సురక్షా బీమా. ప్రమాద మరణానికి 2 లక్షలు. నీట మునిగి చనిపోతే దీనికి పోలీసు రిపోర్టు కావాలి. బావి ప్రమాదమైనా అంతే. దుఃఖములో ఉన్న ఇంటివారు "పోలీసులెందుకు" అని ఊరుకొని ఆ సొమ్ము పోగొట్టుకోరాదు.

డైవింగుకు ముందు సంతకము చేయించే ఇంగ్లీషు కాగితాన్ని తెలుగులో చెప్పించుకోండి. ఉబ్బసము, గుండెజబ్బు వంటివి ఉన్నాయా అని అందులో అడుగుతారు. సరదా పోతుందని "లేదు" అని వ్రాయవద్దు. జలుబు ఉంటే ఆ రోజుకు మానుకోవడమే మంచిది, చెవులు దెబ్బతింటాయి.

ఇంకొకటి, మనవారు విశాఖ వెళ్తే అరకు చూడక రారు. అరకు సుమారు 3,000 అడుగుల ఎత్తు. లోతులో ఒంటికి పట్టిన నైట్రోజను పూర్తిగా పోకముందే అంత ఎత్తు ఎక్కితే రక్తములో బుడగలు కట్టి కీళ్ళు, నరాలు దెబ్బతినవచ్చు. ఒక్క డైవింగు తరువాత 12 గంటలు, వరుసగా చేసినవారు 18 గంటలు ఆగాలి. విమానానికీ ఇదే లెక్క. అరకు ముందు చూసి, సముద్రమును చివరి రోజుకు పెట్టుకుంటే సరిపోతుంది. వరంగల్ తిరుగు రైలుకు ఈ చిక్కు లేదు.