తాళం ఎక్కడుంది సారూ?

మొన్న ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు కొందామని వెళ్ళాం. మా వాడు తన లగ్జరీ కారు నాంపల్లిలో ఆపాడు. తాళం జేబులో ఉంటే చాలట, తలుపు ముట్టుకోగానే తెరుచుకుంటుంది. మహా గొప్ప! మరి ఆ పుస్తకాల గుంపులో జేబుకి ఆనుకుని నిలబడ్డవాడి సంచీలో ఏముందో?

2011లోనే జ్యూరిచ్ పరిశోధకులు 8 కంపెనీల 10 మోడళ్ళని పరీక్షించారు. సిగ్నల్ని రిలే చేస్తే అన్నీ లొంగిపోయాయి. ఎన్‌క్రిప్షన్ జోలికే పోలేదు. కారు "తాళం వినిపిస్తోందా" అని అడుగుతుందే గానీ "దగ్గరుందా" అని కొలవదు. ఇలాంటి బగ్‌ని మన కోడ్ రివ్యూలో వదిలేస్తామా?

అల్ట్రా వైడ్‌బ్యాండ్ తాళాలు సిగ్నల్ ప్రయాణ సమయంతో దూరం కొలుస్తాయి. అది లేని కార్లలో ఈ సదుపాయం మొదట్నించీ ఆపేసి ఉంచాలి, కావలసినవాడే ఆన్ చేసుకుంటాడు. సౌకర్యం అమ్ముకునేది వాళ్ళు, స్టేషన్ చుట్టూ తిరిగేది మనమూనా?