పాయింట్లు ఒకరికి, వడ్డీ మరొకరికి

క్రెడిట్ కార్డును బాధ్యతగా వాడుకుంటే లాభమే తప్ప నష్టం లేదన్న ఉపదేశం ఇప్పుడు ఎక్కడ చూసినా వినిపిస్తున్నది. గడువులోగా మొత్తం బకాయి కట్టాలి, నగదు తీయరాదు, ఆదాయానికి మించి కొనరాదు. అప్పుడు పాయింట్లు, క్యాష్‌బ్యాక్‌లు వాటంతటవే వచ్చి చేరతాయి. ఈ సలహాలో అసత్యమేమీ లేదు. కానీ ఆ పాయింట్ల సొమ్ము ఎవరి జేబులో నుంచి వస్తున్నదో అది చెప్పదు.

ఖరగ్‌పూర్‌లోని ప్రేమ్ బజార్‌లో నిలబడి చూస్తే ఈ ప్రశ్నకు పదును వస్తుంది. ఒక పక్క 1951లో మొదలైన దేశపు తొలి ఐఐటీ. మరో పక్క రైల్వే పట్టణం. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలంలో ఉత్తరాంధ్ర నుంచి తరలివచ్చి, తరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలు అక్కడున్నాయి. నెల జీతం మిగిలే ఇల్లూ, ఇరవయ్యో తారీఖుకే చెయ్యి ఖాళీ అయ్యే ఇల్లూ ఒకే బజారులో సరుకులు కొంటాయి. ఇద్దరి చేతిలోనూ కార్డు ఉండవచ్చు. ఇద్దరికీ అది ఒకటే వస్తువు కాదు.

పాయింట్లకు ప్రధానంగా రెండు ఊటలు. ఒకటి, కార్డు గీసినప్పుడు దుకాణదారు నుంచి కోసుకునే రుసుము; సాధారణంగా సుమారు 2 శాతం. దుకాణదారు దానిని ధరలో కలిపితే, నోట్లు ఇచ్చి బియ్యం కొనేవాడూ ఆ భారం మోస్తాడు. రెండోది, బకాయి మొత్తం కట్టలేనివారి వడ్డీ. గడువులోగా కట్టే జాగ్రత్తపరుడికి దక్కే బహుమతిలో కట్టలేనివాడి వాటా ఉంటుంది.

లెక్క చూద్దాం. పిల్లల ఫీజు కోసం ఒక ఉద్యోగి కార్డుపై 20,000 రూపాయలు వాడాడనుకుందాం. ఒక శాతం చొప్పున పాయింట్ల విలువ 200 రూపాయలు. బిల్లు రాగానే కనీస మొత్తం, అంటే 5 శాతం, 1,000 రూపాయలు కట్టి ఊపిరి పీల్చుకున్నాడు. మిగిలిన 19,000పై నెలకు 3.5 శాతం వడ్డీ 665 రూపాయలు. దానిపై 18 శాతం జీఎస్టీ కలిపితే సుమారు 785. పైగా వడ్డీ లేని గడువు రద్దయినందున ఖర్చు చేసిన తేదీ నుంచే లెక్క మొదలవుతుంది. కొత్త కొనుగోళ్లకూ మినహాయింపు ఉండదు. మరుసటి నెల మళ్లీ కనీస మొత్తమే కడితే అసలులో తగ్గేది దాదాపు 200 రూపాయలు. ఏడాదికి 42 శాతం వడ్డీ అంటే ఇదే.

'అప్పు చేసినవాడిదే తప్పు' అన్న వాదం కొత్తది కాదు. పారిశ్రామిక కార్మికుల్లో మూడింట రెండు వంతులకు తక్కువ కాకుండా అప్పుల్లో ఉన్నారని విట్లీ కమిషన్ 1931లోనే అంచనా వేసింది. వసూలు కోసం పని చోట్ల వద్ద కాపు కాయడాన్ని నేరంగా పరిగణించాలని సిఫారసు చేసింది. 1934లో బెంగాల్ ఆ మేరకు చట్టం చేసింది. వలస ప్రభుత్వం సైతం కార్మికుడికి పొదుపు నీతి బోధించి చేతులు దులుపుకోలేదు. సూక్ష్మరుణ సంస్థల వసూళ్లు ప్రాణాలు తీస్తున్నాయన్న ఆందోళన రేగినప్పుడు 2010లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చింది. నాడు గేటు బయట నిలిచిన వడ్డీ వ్యాపారి నేడు జేబులోని ఫోనులోనే ఉన్నాడు.

మరి నేటి రక్షణ ఏది? కార్డు బకాయిపై ఏడాదికి 30 శాతం మించిన వడ్డీ అనుచిత వ్యాపార పద్ధతి అని 2008లో జాతీయ వినియోగదారుల కమిషన్ తీర్పు చెప్పింది. 2024 డిసెంబరు 20న సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టివేసింది. వడ్డీ రేట్లు రిజర్వ్ బ్యాంకు పరిధిలోని విషయమన్నది. 2022 నాటి రిజర్వ్ బ్యాంకు నిబంధనలు కోరని కార్డు ఇవ్వరాదన్నాయి, కట్టని చార్జీలను వడ్డీ లెక్కలో కలపరాదన్నాయి. అవి మంచివే. కానీ వడ్డీకి అందరికీ వర్తించే గరిష్ఠ అంకె మాత్రం లేదు. దేశంలో కార్డుల సంఖ్య 2024లోనే 10 కోట్లు దాటింది.

కనుక వ్యక్తిగత జాగ్రత్త అవసరమే. మొత్తం బకాయి ఖాతా నుంచి దానంతటదే చెల్లయ్యే ఏర్పాటు చేసుకోవాలి. అది సాధ్యపడని నెలలో కార్డు బయటికి తీయరాదు. ఇప్పటికే చిక్కుకున్నవారు ఉద్యోగుల సహకార పరపతి సంఘంలో తక్కువ వడ్డీకి అప్పు దొరికితే తీసుకుని కార్డు బకాయి తీర్చుకోవాలి. కానీ జాగ్రత్త చట్టానికి ప్రత్యామ్నాయం కాదు. వడ్డీకి అంకెతో కూడిన హద్దు కావాలి. 'కనీస మొత్తం' మీట నొక్కే ముందు అప్పు తీరడానికి ఎన్ని నెలలు పడుతుందో, ఎన్ని రూపాయల వడ్డీ అవుతుందో ఆ ఖాతాదారు లెక్కతోనే చూపాలి. పార్లమెంటు సభ్యులను అడగవలసింది ఇదే.

1927లో ఖరగ్‌పూర్ వర్క్‌షాప్ కార్మికులు ఉద్వాసనలను సమ్మెతో ఎదిరించారు. ఆ రైల్వే కార్మికుల నాయకుల్లో వి.వి.గిరి ఒకరు. ఉద్యోగం పోయినా సర్దుకుని బతకడం ఎలాగో నేర్పమని వారు ఎవరినీ అడగలేదు. వారి మనవలకు మాత్రం దేశం 200 రూపాయల పాయింట్లిచ్చి, బాధ్యత నేర్చుకోమంటున్నది.