కుక్కపేలకు పంట మందా?

పల్లెల్లో కుక్క లేని వీధి ఉండదు. రాత్రి కళ్ళం దగ్గర, పగలు కోళ్ళ గూటి దగ్గర పిడికెడు మెతుకులకే కాపలా కాస్తుంది. అటువంటి మూగజీవికి పేలు పట్టినప్పుడు కొందరు చేస్తున్న వైద్యం మాత్రం విచారకరం. పత్తికో, మిరపకో కొట్టగా మిగిలిన పురుగుమందును నీళ్ళలో కలిపి దాని ఒంటికి పూస్తున్నారు. ఎండ్రిన్‌ను 1990లో, గమాక్సిన్ పొడిగా పేరుపడిన బి.హెచ్.సి.ని 1997లో ప్రభుత్వం నిషేధించింది. మందుల పేర్లు మారాయి గాని ఈ అలవాటు మారలేదు.

ఇది ఎలుకల బాధ పడలేక ఇల్లు తగలబెట్టుకొన్నట్లే. ఆ విషం చర్మం గుండా లోపలికి ఇంకుతుంది. కుక్క ఒళ్ళు నాక్కుంటుంది గనుక కడుపులోకీ పోతుంది. చొంగ కార్చి, వణికి, గిలగిల కొట్టుకొని చనిపోవచ్చు. దానిని వాటేసుకొని ఆడే పసిపిల్లల సంగతి పెద్దలు ఆలోచించవద్దా?

ఇంత చేసినా పేలు పోవు. వాటి గుడ్లు కుక్క ఒంటిమీద నిలవవు. అది పడుకొనే గోనెపట్టా మీద, అరుగు నెర్రెలలో, దుమ్ములో రాలతాయి. అక్కడే పురుగులై, గూళ్ళు కట్టుకొని, ఒక్కొక్కసారి నెలల తరబడి దాగి, పెద్దవై మళ్ళీ కుక్కపైకి దూకుతాయి. కనుక కుక్కతోపాటు ఇల్లు కూడా బాగుచేసుకోవాలి.

పేలను కనిపెట్టడం కష్టం కాదు. తోక మొదట్లో వెంట్రుకలు పాయతీస్తే మిరియాల పొడి వంటి నల్లటి నలుసులు కనిపిస్తాయి. తడిపిన తెల్లగుడ్డపై రాసినప్పుడు ఎర్రబారితే అవి పేల రెట్టలే. ఆ ఎరుపు కుక్క నెత్తురే.

పేల దువ్వెనతో దువ్వి, దువ్వెనను సబ్బునీళ్ళలో ముంచాలి. స్నానం చేయించేటప్పుడు ముందుగా మెడచుట్టూ నురుగు పట్టిస్తే పేలు తలపైకి పాకవు. గోనెపట్టాలను మరిగే నీళ్ళలో నానబెట్టి ఎండవేయాలి. అరుగు ఊడ్చి, నెర్రెలు మట్టితో మెత్తాలి. ఒక్కరోజుతో సరిపెట్టక కొన్ని వారాలు ఇలా చేయాలి. అప్పటికీ తగ్గకపోతే పశువైద్యుని అడిగి, కుక్క బరువును బట్టి మందు వాడాలి.

పశువైద్యశాల పాడిపశువులకే అన్న అపోహ పోవాలి. గ్రామాల్లో పశువైద్య శిబిరాలు పెట్టినప్పుడు అధికారులు కుక్కల విషయం కూడా నాలుగు మాటలు చెప్పాలి. కుక్కకు పూయడానికని అడిగితే పురుగుమందు ఇవ్వబోమని దుకాణదారులు చెప్పగలిగితే ఎన్నో మూగప్రాణాలు నిలుస్తాయి.