హంసలదీవి దారిలో ఓ పాత కట్టడం

కృష్ణా జిల్లా కలెక్టర్ గారికి,

ముదినేపల్లి నుంచి రాస్తున్నాను. 2022లో మా మండలం ఏలూరు జిల్లాలో కలిసింది గానీ, మాఘ పౌర్ణమి వస్తే మా ప్రయాణం ఇప్పటికీ మీ హంసలదీవికే.

నా చిన్నతనంలో ఆ దారిలో బస్సు ఆగే ఒక ఊళ్లో పాత మరుగుదొడ్ల కట్టడం ఉండేది. సున్నం గోడలు, రేకు తలుపు, మూలన సిమెంటు తొట్టి, దాని గట్టు మీద సొట్టపడ్డ చెంబు. ఓ పెద్దావిడ బోరింగు కొట్టి తొట్టి నింపుతుండేది. హంసలదీవి సాగర సంగమంలో మునిగొచ్చిన ఆడవాళ్లు తడి చీరలు అక్కడే మార్చుకునేవారు. దాన్ని పడగొట్టాక, తీర్థానికి బయల్దేరిన రోజు మా అమ్మ తిరిగి ఇల్లు చేరేదాకా గుక్కెడు నీళ్లు ముట్టేది కాదు. ఎండలో ఆమె పెదవులు ఎండిపోవడం నాకింకా గుర్తే.

నవంబరు 19ని ఐక్యరాజ్యసమితి 2013లో ప్రపంచ మరుగుదొడ్ల దినంగా గుర్తించింది. హంసలదీవి ఉన్న దివిసీమకు అది 1977 ఉప్పెన రోజు. పోయినవారికి దండం పెట్టుకుంటూనే, ఉన్నవారి కోసం ఆ దారిలో మళ్లీ మరుగుదొడ్లు అడుగుతున్నాను.

మన డెల్టా నేలలో కాస్త తవ్వితే నీరు ఊరుతుంది. వానలకు గుంటలు పొంగుతాయి. అందుకే ఎత్తయిన దిమ్మె మీద కట్టించండి. కట్టి వదిలేస్తే చాలదండీ. నీళ్లు, లోపలి గొళ్లెం, లైటు, శుభ్రం చేసే మనిషికి నెలనెలా జీతం కూడా చూడండి.

వచ్చే మాఘ పౌర్ణమిలోపు ఆ దారిని ఒక్కసారి స్వయంగా చూడమని ప్రార్థన.

ఇట్లు,
ముదినేపల్లి నుంచి ఒక యాత్రికురాలు