తప్పు పుట్టే చోటు

మద్రసాలలో అస్ర్ నమాజుకూ మగ్రిబ్ నమాజుకూ మధ్యనున్న సమయం పిల్లలది. తెల్లవారుజాము నుంచి రిహల్ ముందు మెడలు వంచి పఠించిన పిల్లలు ఆ కాసేపట్లోనే నడుము నిటారుగా చేసుకుని, గుండెల నిండా గాలి పీల్చుకుంటారు. మా చిన్నబ్బాయికి 11 ఏళ్ళు. దివ్య ఖుర్ఆన్ కంఠస్థం చేస్తున్నాడు. గత కొన్ని నెలలుగా ఆ సమయంలో మా పట్టణంలోని టెన్నిస్ కోర్టుకు వెళ్తున్నాడు. ఉద్యోగ విరమణ చేసిన ఒక పెద్దమనిషి అక్కడ పిల్లలకు ఆట నేర్పుతారు. పిల్లలందరూ ఆయనను మాస్టారు అంటారు. నేనూ అలాగే అంటాను.

"హాఫిజ్ కావలసిన పిల్లవాడికి ఆటలెందుకు?" అని అడిగిన బంధువులు లేకపోలేదు. బలవంతుడైన విశ్వాసి బలహీనుడైన విశ్వాసి కన్నా అల్లాహ్‌కు ప్రియమైనవాడనీ, అయితే ఇద్దరిలోనూ మేలు ఉందనీ తెలిపే హదీసు సహీహ్ ముస్లింలో ఉంది. అస్లమ్ తెగవారు విలువిద్య సాధన చేస్తుండగా దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) అటుగా వచ్చి, వారిని ప్రోత్సహించి, తాను వారందరి పక్షాన ఉన్నానని చెప్పిన ఉదంతం సహీహ్ బుఖారీలో ఉంది. నమాజు వేళ తప్పకుండా, మర్యాద హద్దు దాటకుండా, జూదపు వాసన సోకకుండా ఆడే ఆట దేహానికి మేలు చేస్తుంది. ఈ నెల నేను చెప్పదలచింది ఆట ధర్మసమ్మతమా కాదా అన్న విషయం కాదు. ఆ కోర్టు పక్కన బెంచీ మీద కూర్చుని, ముప్పై ఏళ్ళ బోధన తరువాత నేను నేర్చుకున్న ఒక పాఠం గురించి.

ఆ రోజు మావాడి ఫోర్‌హ్యాండ్ ఏమాత్రం కుదరటం లేదు. కుడిచేతివాటం గలవాడు తన కుడివైపు వచ్చిన బంతిని అరచేయి ముందుకు చూపుతూ కొట్టే దెబ్బను ఫోర్‌హ్యాండ్ అంటారు. వాడు కొట్టిన బంతుల్లో సగం నెట్‌కు తగులుతున్నాయి. మిగిలినవి కుడిపక్కకు, గీత బయటకు పోతున్నాయి. నేను బెంచీ మీద నుంచే కేకలు వేయసాగాను. "బంతిని చూసి కొట్టు! గట్టిగా కొట్టు! ధ్యాస ఎక్కడుంది?" నా ప్రతి కేకకూ వాడి భుజాలు బిగుసుకుపోయాయి. దెబ్బ మరింత చెడింది.

మాస్టారు నా దగ్గరకు వచ్చి మెల్లగా అన్నారు. "మౌలానా గారూ, మీరు బంతి పడిన చోటు చూస్తున్నారు. తప్పు పుట్టిన చోటు అది కాదు. రాకెట్ వెనక్కి వెళ్ళేటప్పుడు చూడండి."

అప్పుడు చూశాను. బంతి నెట్ దాటి ఇటు వచ్చేదాకా వాడు కదలకుండా నిలబడుతున్నాడు. బంతి నేలను తాకిన తరువాత ఉలిక్కిపడి, చేతిని మాత్రమే వీపు వెనక దాకా లాగుతున్నాడు. అంత దూరం పోయిన రాకెట్ తిరిగి ముందుకు వచ్చేసరికి బంతి వాడి దేహాన్ని దాటిపోతోంది. ఆలస్యంగా తగిలిన బంతి కుడివైపునకే పోతుంది. తొందరలో రాకెట్ కిందికి దిగకపోతే, బంతిని పైకి లేపే ఊపు లేక అది నెట్‌లో పడుతుంది.

దెబ్బకు ముందు రాకెట్‌ను వెనక్కి తీసుకుపోయే ఈ కదలికను బ్యాక్‌స్వింగ్ అంటారు. అది అంత ముఖ్యమెందుకో మాస్టారు లెక్కలతో చెప్పారు. టెన్నిస్ కోర్టు పొడవు 23.77 మీటర్లు. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో బయలుదేరిన బంతి సెకనుకు దాదాపు 28 మీటర్లు పోతుంది. గాలి అడ్డగించటం వల్ల, నేల తాకటం వల్ల వేగం తగ్గినప్పటికీ ఆటగాడికి దక్కేది సెకను, ఇంకాస్త. ఇక బంతి రాకెట్ తీగలపై నిలిచే కాలం సెకనులో 200వ వంతు మాత్రమే. ఆ క్షణంలో ఎవరూ ఏమీ సరిదిద్దుకోలేరు. సరిదిద్దుకోవటానికి వీలున్నదంతా అంతకు ముందే ఉంది.

ఇంట్లో టెన్నిస్ ఆడే పిల్లలున్న తల్లిదండ్రులకు పనికి వస్తుందని ఆయన నేర్పిన పద్ధతిని కుదించి రాస్తున్నాను.

మొదటిది, చేయి కన్నా ముందు భుజాలు తిరగాలి. ఎదుటివాడి రాకెట్ నుంచి బంతి బయలుదేరి, అది కుడివైపు వస్తున్నదని తెలిసిన వెంటనే నడుమూ భుజాలూ కలిసి కుడివైపు తిరగాలి. అలా తిరిగేటప్పుడు ఎడమచేయి రాకెట్ మెడను పట్టుకునే ఉండాలి. ఎడమచేయి పట్టు వదలనంత వరకు కుడిచేయి ఒంటరిగా వీపు వెనక్కి పారిపోలేదు. అంటే రాకెట్‌ను వెనక్కి తీసుకుపోయేది చేయి కాదు, దేహం.

రెండవది, భుజాలు తిరిగిన తరువాత ఎడమచేయి రాకెట్‌ను వదిలి, బేస్‌లైన్‌కు సమాంతరంగా పక్కకు చాచి ఉండాలి. అది దేహాన్ని తిరిగిన స్థితిలో నిలుపుతుంది. రాకెట్ తల పిడికిలి కన్నా ఎత్తులో ఉండాలి. మోచేయి పక్కటెముకలకు అంటుకుపోకూడదు. పిడికిలి కుడిభుజం దాటి వీపు వెనక్కి పోకూడదు. రాకెట్ ఎంత వెనక్కి పోతే దెబ్బకు అంత బలం అని పిల్లలు అనుకుంటారు. బలం నేలను తన్నిన కాళ్ళ నుంచి, తిరిగిన నడుము నుంచి వస్తుంది. చేయి దానిని బంతికి అందజేస్తుంది.

మూడవది, బంతి మన వైపు నేలను తాకే సరికి ఈ ఏర్పాటంతా ముగిసి ఉండాలి. అక్కడ నుంచి రాకెట్ బంతి ఎత్తు కన్నా కిందికి జారి, కింద నుంచి పైకి లేస్తూ, దేహానికి ముందుభాగంలో బంతిని తాకాలి. వచ్చే బంతి ఎంత వేగంగా ఉంటే బ్యాక్‌స్వింగ్ అంత చిన్నదిగా ఉండాలి.

రాకెట్ అనే మాటకు మూలం అరచేయి అనే అర్థం గల 'రాహ' అనే అరబీ పదమని కొందరు భాషావేత్తలు అంటారు, కొందరు అంగీకరించరు. ఏదైనా, అరచేయి ఎటు చూస్తే రాకెట్ ముఖం అటు చూస్తుందని మాస్టారు చెప్పినప్పుడు ఆ మాట నాకు గుర్తుకు వచ్చింది.

సాధన కూడా ఆయన కింది మెట్టు నుంచి మొదలుపెట్టించారు. మొదట బంతి లేదు. కంచెకు వీపు చేసి, ఒక అడుగు ఎడంగా నిలబెట్టి, రాకెట్ కంచెకు తగలకుండా భుజాలు తిప్పమన్నారు. చేయి వీపు వెనక్కి పోతే కంచె గలగలమంటుంది. తిట్టవలసిన పని గురువుకు లేదు. అలా రోజుకు ఇరవై సార్లు. ఆ తరువాత ఆయన పక్కన నిలబడి చేత్తో జారవిడిచిన బంతులు. ఆపైన నెట్ అవతల నుంచి మెల్లగా వేసిన బంతులు. బంతి తన వైపు బయలుదేరగానే "తిరుగు" అని పిల్లవాడే పైకి అనాలి. బంతి ఎక్కడ పడిందో చూడవద్దన్నారు. భుజం సకాలంలో తిరిగిందా లేదా, అంతే లెక్క.

ఇంతకీ మావాడికి ఆ అలవాటు ఎలా వచ్చింది? మాస్టారు వాడి రాకెట్ చేతిలోకి తీసుకుని నన్ను అడిగారు. "ఇది ఎవరిచ్చారు?" నేనే ఇచ్చాను. వాళ్ళ మామయ్య దుబాయి నుంచి తెచ్చినది, ఖరీదైనది. పొడవు 27 అంగుళాలు, బరువు దాదాపు 300 గ్రాములు. అది పెద్దవాళ్ళ రాకెట్. పిల్లల కోసం 19 నుంచి 26 అంగుళాల వరకు పొట్టి, తేలిక రాకెట్లు ఉన్నాయి. మెల్లగా వచ్చే మెత్తని బంతులు కూడా ఉన్నాయి. పదేళ్ళలోపు పిల్లల పోటీలను అటువంటి బంతులతోనే ఆడించాలని అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య 2012 నుంచి నియమం పెట్టింది. మోయలేని బరువును తిప్పటానికి పిల్లవాడు చేతిని అంత దూరం విసరక తప్పలేదు. బెంచీ మీద కూర్చుని నేను వేసిన కేకలన్నీ నేను చేసిన తప్పు మీదనే అన్నమాట.

ఆ రాత్రి నాకు ఒక హదీసు పదే పదే మనసులో మెదిలింది. మస్జిదులో ఒక వ్యక్తి తొందర తొందరగా నమాజు చేసి వచ్చి దైవప్రవక్త (స)కు సలాం చేశాడు. ఆయన సలాంకు బదులిచ్చి, తిరిగి వెళ్ళి నమాజు చేయమన్నారు. ఇలా మూడుసార్లు జరిగింది. చివరికి ఆ వ్యక్తి తనకు ఇంతకన్నా బాగా రాదనీ, నేర్పించమనీ వేడుకున్నాడు. హజ్రత్ అబూ హురైరా (రజి) ఉల్లేఖించిన ఈ హదీసును మేము ఏటా విద్యార్థులకు బోధిస్తాము. రుకూ, సజ్దాలలో నిలకడ తప్పనిసరి అనే ధర్మశాస్త్ర నియమాన్ని దీని నుంచి వివరిస్తాము. కాని ఆ వ్యక్తికి నేర్పటం ఎక్కడ నుంచి మొదలైందో నేను అంతవరకు తరచి చూడలేదు. లోపం రుకూ, సజ్దాలలో ఉంది. బోధన మాత్రం వుజూ చక్కగా చేసుకోవటం నుంచి మొదలైంది. ఆ తరువాత ఖిబ్లా వైపు తిరగటం, తక్బీర్ చెప్పటం, ఆపైనే రుకూ. తప్పు కనిపించిన చోట ఆగిపోకుండా, నమాజుకు ముందరి ఏర్పాటు దాకా వెనక్కి వెళ్ళి, అక్కడ నుంచి మెల్లగా ముందుకు నడిపించారు. కోప్పడిన జాడ లేదు. మూడుసార్లూ ముందు సలాంకు జవాబు, ఆ తరువాతే దిద్దుబాటు.

నిజానికి ఇది నా వృత్తిలోనే ఉన్న విషయం. తజ్వీద్ నేర్పేటప్పుడు అక్షరం తప్పు పలికితే, ముందు దాని మఖ్రజ్, అంటే ఆ ధ్వని పుట్టే చోటు, సరిచేస్తాము. తప్పు చెవికి వినిపిస్తుంది, పుట్టేది గొంతులోనో నాలుక మొదట్లోనో. ఒక అక్షరం విషయంలో ఇంత జాగ్రత్త వహించే నేను, ఒక పిల్లవాడి విషయంలో వహించలేదు.

పదిహేనేళ్ళ క్రితం నా వద్ద ఒక విద్యార్థి ఉండేవాడు. ఇంటి నుంచి వచ్చి చదువుకునేవాడు. జ్ఞాపకశక్తి గలవాడు. 12 పారాలు పూర్తి చేశాడు. ఉన్నట్టుండి వాడి సబఖ్ తడబడటం మొదలైంది. ప్రతి ఉదయం అందరి ముందూ మందలించాను. బెత్తం కూడా ఎత్తాను. ఒకరోజు రాలేదు. ఆ తరువాత ఇక రాలేదు. కొన్ని నెలలకు ఒక రాత్రి బస్టాండు వద్ద చూశాను. తండ్రికి జబ్బు చేసిందట. టీ కొట్టులో గ్లాసులు కడుగుతున్నాడు. మగ్రిబ్ నుంచి ఇషా దాకా, ఆపైన కూడా అదే పని. మర్నాటి పాఠం వల్లె వేయవలసిన వేళ అది. వాడి సబఖ్ తెల్లవారి నా ముందు చెడలేదు, ముందటి రాత్రే చెడిపోయింది. "రాత్రి ఎప్పుడు చదువుకుంటున్నావు బాబూ?" అని నేను ఒక్కసారైనా అడిగి ఉంటే, ఏదో ఒక మార్గం చూసేవాళ్ళం. ఇప్పుడు వాడు పెద్దవాడయ్యాడు, ఆ కొట్టు వాడిదే. ఎదురుపడితే మర్యాదగా సలాం చేస్తాడు. ఆ సలాంకు బదులిచ్చేటప్పుడు ఇప్పటికీ నా తల వంగిపోతుంది.

తల్లిదండ్రులారా, బోధకులారా! మార్కులు తగ్గినప్పుడు, అబద్ధం బయటపడినప్పుడు, ఫజ్ర్‌కు పిల్లలు లేవనప్పుడు మనం చూసేది బంతి పడిన చోటు. ఫజ్ర్ తప్పటం తెల్లవారి జరగదు. రాత్రి పన్నెండు దాకా చేతిలో ఉన్న ఫోను దగ్గర జరుగుతుంది. ఒక్కొక్కసారి ఆ ఫోను మనం ఇచ్చినదే అయి ఉంటుంది, మావాడి రాకెట్ లాగానే. అబద్ధం నోటిలో పుట్టదు. నిజం చెప్పినప్పుడు మనం చూపిన ఆగ్రహంలో పుడుతుంది. మన హైదరాబాదులో పెరిగిన సానియా మీర్జా ఫోర్‌హ్యాండ్ బలం లోకానికి తెలుసు. 2007లో ఆమె సింగిల్స్‌లో ప్రపంచ 27వ స్థానానికి చేరారు. చాలాకాలం ఆమెకు శిక్షణ ఇచ్చినవారిలో ఆమె తండ్రి ఒకరు. పిల్లల వెంట ఉండటమంటే పక్కన కూర్చుని కేకలు వేయటం కాదని ఆలస్యంగానైనా నాకు తెలిసింది.

మావాడికి ఇప్పుడు 26 అంగుళాల తేలిక రాకెట్ కొన్నాము. దాదాపు నెల రోజులు పట్టింది, చేయి వీపు వెనక్కి పోవటం తగ్గటానికి. ఇప్పటికీ అలసినప్పుడు పాత అలవాటు తొంగిచూస్తుంది, బంతి నెట్‌లో పడుతుంది. నేను మాట్లాడను. వాడి ఎడమభుజం వైపు చూస్తూ ఉంటాను. అది సకాలంలో తిరిగితే "మాషా అల్లాహ్" అంటాను, బంతి ఎక్కడ పడినా సరే.

మద్రసాలో కూడా ఒక చిన్న మార్పు చేసుకున్నాను. ఉదయం సబఖ్ వినటానికి ముందు ప్రతి విద్యార్థినీ రెండు ప్రశ్నలు అడుగుతున్నాను. రాత్రి ఎక్కడ కూర్చుని చదివావు? ఎంతసేపు చదివావు? ఈ రెండు ప్రశ్నలతో నాకు తెలిసివచ్చిన సంగతులు బెత్తంతో ఏనాడూ తెలియలేదు.

మన పిల్లల తప్పులలో మన వంతును గుర్తించే చూపును, దానిని మొదటి నుంచి సరిదిద్దే ఓర్పును అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.